సారె మంచం గుర్రాలు

కొండ మీద బతికేవాళ్ళని రాజులమ్మ మనుషుల కింద లెక్కేసేది కాదు. ఆవిడ దృష్టిలో మనుషులుండేది సాలూరులో. ఆ సాలూరులోనూ తమ వీధిలో, ఆ వీధిలోనూ ఏ నాలుగు ఇళ్ళలోనో. మిగిలినవాళ్ళు ఏదో ఉన్నారంటే ఉన్నారు. అలాంటి మనిషికి ఒక్కగానొక్క కూతురు గాయత్రి. ఆ గాయత్రి అరకు అవతల, డుంబ్రిగూడ దాటి ఇంకా పైకి పోతే వచ్చే కొర్రపుట్టు అనే ఊళ్ళో, మంగ్లు అనేవాడిని పెళ్ళి చేసుకుని నాలుగేళ్ళుగా కాపురం చేస్తోంది. మంగళవారం పుట్టాడు కాబట్టి మంగ్లు. పిల్లాడికి పేరు ఆలోచించడానికి కూడా బద్ధకించిన వంశం అది అని రాజులమ్మ తీర్పు.

ఆ కూతురు గురువారం నాడు ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు పంపిన మంచం, సోఫా, అద్దంబల్ల అన్నీ ఇంట్లోంచి బయటికి తీసీసేం. ఆదివారం ఓసారి రా" అంది. ఇంకా ఏదో అనబోయింది గానీ కొండ మీద సిగ్నల్ సంగతి తెలిసిందే, మాట మధ్యలో తెగిపోయింది. రాజులమ్మ మళ్ళీ చేయలేదు. చేయాల్సిన అవసరం ఆవిడకి కనిపించలేదు.

సారె సామాను గడప దాటడమంటే ఏమిటో ఆ వీధిలో పుట్టి పెరిగిన ఏ ఆడదానికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పెళ్ళయ్యాక మంచం, సోఫా, బిందెలు పిల్లతోపాటు బండెక్కి అత్తవారింటికి వెళతాయి. కాపురం చెడితే అవే బండెక్కి తిరిగొస్తాయి. పుట్టింటి పెద్దమనిషి ఒకడు ముందు కూర్చుని వస్తాడు. కోర్టు, లాయరు ఆ తరవాతి ముచ్చట. మంచం వచ్చి పుట్టింటి వసారాలో దిగిందంటే పిల్ల వచ్చేసినట్టే. మంచం అక్కడే ఉండిపోతే, పిల్ల ఏడాదిపాటు పుట్టింట్లో కూర్చున్నా అది చుట్టపుచూపే. అందుకని మంచం బయటికి తీశామన్న మాట చెవిన పడగానే రాజులమ్మకి కడుపు నిండిపోయింది. శుక్రవారం మధ్యాహ్నానికి ఆ సంగతి వీధంతా తెలిసింది. తెలియడమేమిటి, ఆవిడే గడప గడపకీ వెళ్ళి చెప్పింది.

ఈ రోజు కోసం ఆవిడ నాలుగేళ్ళ కిందటే ఏర్పాటు చేసుకుంది మరి. గాయత్రి నర్సు ఉద్యోగమని ఆ కొండల్లోకి వెళ్ళి, జీపు తోలుకుంటూ, కాసిని కాఫీ మొక్కలూ మిరియాల తీగలూ చూసుకుంటూ బతికే మంగ్లుని చేసుకుంటానంటే రాజులమ్మ ఏడవలేదు, ఉరేసుకుంటానని బెదిరించలేదు. భర్త పోయిన దగ్గర్నుంచీ ధాన్యం వ్యాపారం ఒంటిచేత్తో నడిపిన మనిషి. సరుకు చేజారితే దాన్ని ఎలా వెనక్కి రప్పించుకోవాలో ఆవిడకి తెలుసు. కొండ మీదే పెళ్ళి చేసుకుంటామంటే వెళ్ళింది. ఎవరి పెళ్ళికో వచ్చినట్టు ఓ పక్కన నిలబడింది. తిరిగొచ్చి సాలూరులో ఉన్నవాటిలోకెల్లా పెద్ద మంచం కొంది.

టేకు డబుల్ కాట్. తలాపున ఎదురెదురుగా రెండు నెమళ్ళు చెక్కించింది. మంచం కోళ్ళు తరిణె పట్టించి గుండ్రంగా తీయించింది. దానికి జోడుగా సోఫా, సొరుగుల అద్దంబల్ల, టీపాయ్. ఇల్లు చిన్నదమ్మా, ఇవన్నీ వద్దని గాయత్రి మొత్తుకుంది. చిన్నదని తెలిసే ఆవిడ కొంది. ఆ సామాను పక్కన ఆ పెంకుటిల్లు ఎంత దరిద్రంగా కనిపిస్తుందో కూతురు రోజూ పొద్దున్న లేవగానే చూడాలి. చూసి చూసి విసుగెత్తాలి. అదీ లెక్క.

లెక్క తప్పలేదు కూడా. కొండవాళ్ళ గుమ్మాలు పొట్టివి, వంగితే గాని మనిషే దూరడు. మంచం ఎటు తిప్పినా పట్టలేదు. చివరికి పక్క మట్టిగోడ కొంత పడగొట్టి, మంచం లోపల పెట్టుకుని, మళ్ళీ గోడ కట్టుకున్నారట. ఆ కబురు విని రాజులమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ తరవాత ఏడాదికోసారి కొండెక్కి వెళ్ళినప్పుడల్లా ముందు చూసేది మంచాన్నే. వేలితో తుడిచి దుమ్ము చూసేది. కోళ్ళ కింద చెమ్మ తగులుతోందేమోనని వంగి చూసేది. మంచం గది నిండా పరుచుకుని ఉండేది, పాడవుతుందని దాని మీద ఎవరూ పడుకునేవారు కాదు. మిగిలిన ఇరుకులో చాపలు వేసుకుని కూతురూ అల్లుడూ అత్తగారూ పడుకునేవారు. మనవరాలు పుట్టాక కూడా ముందు మంచాన్ని చూసుకుని, తరవాతే పిల్లని ఎత్తుకుంది. వచ్చేటప్పుడు మంగ్లు తల్లి సోములమ్మ రాజ్మా గింజలు మూటగట్టి ఇస్తే, ఇంటికి తెచ్చి గేదెకి ఉడకబెట్టించేది.

ఆదివారం పొద్దున్నే వ్యాను మాట్లాడుకుని, తమ్ముడు లక్ష్మీప్రసాద్‌ని ఎక్కించుకుని బయల్దేరింది. సారె వెనక్కి తేవాలంటే మగ పెద్ద ఒకడుండాలి గనక లక్ష్మీప్రసాద్. అంతకుమించి అతనికి ఏ అర్హతా లేదు. కచ్చేరీలో చిన్న గుమాస్తాగా చేసి రిటైరయ్యాక, నలుగురు కూర్చున్న చోట గొంతు సవరించుకోవడమే అతని వృత్తి. దారిపొడుగునా అల్లుడితో ఏం మాట్లాడాలో, ఎక్కడ గట్టిగా అనాలో, ఎక్కడ మెత్తగా అనాలో చెప్పుకుంటూనే ఉన్నాడు. ఎస్.కోట దాటి ఘాటీ ఎక్కేసరికి మలుపులకి కళ్ళు తిరిగి, కిటికీలోంచి తల బయట పెట్టి ఊరుకున్నాడు.

రాజులమ్మకి దారిలో కనిపించిందల్లా రోత పుట్టించింది. అనంతగిరి దగ్గర కాఫీ కొట్లు. కాఫీ తాగడానికి ఇంత దూరం రావాలా? వెదురు బొంగులో కోడిని కుక్కి కాల్చి అమ్మే బడ్డీల ముందు వైజాగ్ కార్లు బారులు తీరి ఉన్నాయి. గిన్నెలు లేని వాళ్ళ వంట తినడానికి గిన్నెలున్నవాళ్ళు డబ్బులు పోస్తున్నారని ఆవిడ ఈసడించుకుంది. వలిసె పూల కాలం దాటిపోయి చేలన్నీ ఎండు కాడలతో ఉన్నా, ఒక జంట ఆ కాడల మధ్యే నిలబడి ఫొటో తీయించుకుంటోంది. వీళ్ళకంటే కొండవాళ్ళే నయం అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే చిరాకేసి, వ్యాను బేగి తోలమని డ్రైవరు మీద పడింది.

కొర్రపుట్టు మలుపు తిరగ్గానే ఇంటి ముందు మెరక మీద ఆవిడకి తన టేకు కనిపించింది. పలకలు ఒక చోట, కోళ్ళు ఒక చోట, సోఫా చేతులు ఒక చోట. అద్దం గోడకి ఆనించి ఉంది. రాజులమ్మ ప్రాణం లేచొచ్చింది. పిల్ల బుద్ధిమంతురాలు, లోడు చేయడానికి వీలుగా అన్నీ విప్పించి ఉంచింది. "సగం పని అయిపోనాది" అని తమ్ముడి భుజం తట్టింది. వ్యానుని వెనక్కి తిప్పి పెట్టమని డ్రైవరుకి చెప్పి దిగి, చీర సర్దుకుని మెరక ఎక్కింది.

ఎక్కాక సరిగ్గా చూసింది.

నెమళ్ళు ఊగుతున్నాయి. తలాపు పలకని మధ్యకి రెండుగా కోసి, సోఫా చేతుల్ని కింద వంపుగా బిగించి, ఒక్కో నెమలి మీదా ఒక్కో గుంటడిని ఎక్కించారు. నెమలి మెడకి పాత గుడ్డ కళ్ళెం కట్టారు. వాళ్ళు దాన్ని గుర్రమంటున్నారు, పురి విప్పిన తోక వెనక కనబడుతున్నా సరే. తరిణె పట్టించిన కోళ్ళని చక్రాల్లా తరిగేశారు. మిగిలిన మొనలకి మేకులు దిగ్గొట్టి బొంగరాలు చేసుకున్నారు. అద్దంబల్ల సొరుగులకి ఆ చక్రాలు బిగించి, ఒకదాని వెనక ఒకటి తాడుతో కట్టి రైలు చేశారు. సొరుగుకో పిల్ల కూర్చుంది. ముందు లాగే పిల్ల శిమిలిగూడ, అరకు, గోరాపూర్ అని స్టేషన్లు అరుస్తోంది. ఇత్తడి పిడులు ఎండలో మెరుస్తున్నాయి. టీపాయ్ తలకిందులుగా పడుంది, నాలుగు కాళ్ళ మధ్య నలుగురు కూర్చుని అది జీపు అనుకుంటున్నారు. మంచం నడుమ పలకని సోఫా చట్రం మీద ఏటవాలుగా వేసి జారుడుబల్ల చేశారు. వార్నీషు రెండు పూతలు ఎక్కువ వేయించిన రాజులమ్మ పుణ్యమా అని పిల్లలు దాని మీద జర్రున జారుతున్నారు. అద్దాన్ని గోడకి మోకాలెత్తున బిగించారు. ఇంకా నడక రాని పాపాయి ఒకటి దాని ముందు చతికిలబడి, అద్దంలో మొహాన్ని నాకుతోంది.

మనవరాలు బిందు జారుడుబల్ల మీద నుంచి జారి వచ్చి, అమ్మమ్మ కాళ్ళ దగ్గర ఆగింది. పైకి చూసి, జరుగు అంది.

రాజులమ్మకి తల కొట్టేసినట్టయింది. ఇంత సామాను కొని, ఇంత కాలం కాచుకుని, చివరికి ఊరిపిల్లల ముడ్ల కింద పెట్టారు. అందులోనూ పనితనం చూస్తే ఇంకా ఒళ్ళు మండింది. రంపం వంకరగా పోయింది, మేకులు ఒకటి అటు ఒకటి ఇటు. ఒక నెమలి ముక్కు విరిగిపోయింది. వడ్రంగి అనేవాడు దరిదాపులకి వచ్చిన జాడ లేదు.

గాయత్రి లోపల్నుంచి తలవంచి గుమ్మం దాటి వచ్చింది. చేతులకి రంపప్పొట్టు. మొహంలో భయం లేదు. రాజులమ్మకి ముందుగా నచ్చనిది అదే.

"ఏటే ఇది?" అంది రాజులమ్మ.

"నువ్విచ్చిన సారేనమ్మా."

"ఎవుడు కోసినాడు?"

"నేనే కోసేను. ఆయన పట్టుకున్నాడు."

ఆయన అనే మనిషి జీపు పక్కన నిలబడి నవ్వుతున్నాడు. మంగ్లుకి నవ్వడం తప్ప ఇంకేమీ రాదని రాజులమ్మ నమ్మకం. అత్తా బాగున్నావా, అలిసిపోయొచ్చావు కూర్చో అన్నాడు. నువ్వు అంటాడు, మీరు అనడు. ఆ ఊళ్ళో మీరు అనే మాటే లేదు. కలెక్టరొచ్చినా నువ్వే. లక్ష్మీప్రసాద్ గొంతు సవరించుకుని, పెద్దమనిషిని నేనొచ్చాను, ఈ విషయం తేల్చాలి అని మొదలుపెట్టాడు. మంగ్లు అతని చేతిలో కాఫీ గ్లాసు పెట్టాడు. ఘాటీ అంతా వాంతులు చేసుకున్న పెద్దమనిషి ఆ వేడి కాఫీ ఊదుకుని తాగుతూ, తేల్చవలసిన విషయాన్ని పక్కన పెట్టేశాడు. తోడబుట్టినవాడు కదా అని ఇన్నాళ్ళూ పిలిచి అన్నం పెట్టినందుకు రాజులమ్మ తనని తానే తిట్టుకుంది.

అప్పుడు కూతుర్ని నిలదీసింది. సామాను బయటికి తీశామని ఫోన్ చేసింది నువ్వేనా కాదా, సారె బయట పెడితే అర్థమేమిటో తెలిసినదానివేనా కాదా అని అడిగింది. వీధిలో చెప్పుకున్నానే, వ్యాను కట్టించుకొచ్చానే, ఇప్పుడు ఏ మొహం పెట్టుకు వెళ్ళనూ అంది. గాయత్రి నిజంగానే నివ్వెరపోయింది. గోడ మళ్ళీ పడగొట్టి సామాను బయటికి తీశామనీ, పిల్లలకి ఆట సామాన్లు చేశామనీ, చూడ్డానికి రమ్మనీ చెప్పబోతే ఫోన్ తెగిపోయిందంది. ఆ మొదటి మాట నీ చెవిలో అలా పడుతుందని నాకు తట్టలేదమ్మా, ఇక్కడుండి ఉండి ఆ లెక్కలు మరిచిపోయాను అంది.

మరిచిపోవడం. ఆ ఒక్క మాటకి రాజులమ్మ రక్తం ఉడికింది. తను నాలుగేళ్ళు కొంగున ముడేసుకుని తిరిగిన విషయాన్ని ఈ పిల్ల అంత తేలిగ్గా మరిచిపోయింది.

ఈలోగా సోములమ్మ మిరియాల గంప నెత్తిన పెట్టుకుని తోటలోంచి వచ్చింది. సన్నగా, కర్రలా ఉంటుంది. ముక్కుకి మూడు ముక్కెరలు. వ్యాను ఎందుకొచ్చిందో డ్రైవరు చెప్పేశాడు కాబోలు, గంప దించి తిన్నగా వ్యాను వెనక్కి వెళ్ళింది. తలుపు పట్టుకుని లోపలికి తొంగి చూసింది. వంగి అడుగున కూడా చూసింది. తరవాత మెరక మీదకి వచ్చి వియ్యపురాలి ముందు నిలబడింది.

"పిల్లని తీసుకుపోడానికొచ్చినావంట. ఆవేది?"

"ఏ ఆవు?"

"మేమిచ్చిన ఓలి ఆవు. ఎర్రావు. దూడతోటి తోలుకొచ్చి నీ గుమ్మంలో కట్టేం గాదా?"

రాజులమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ కొండల్లో పిల్లనిచ్చిన వాళ్ళకి పెళ్ళికొడుకు వైపు వాళ్ళు ఓలి ఇచ్చుకుంటారు. పెళ్ళయిన కొత్తలో మంగ్లు మేనమామలు ఇద్దరు ఒక ఎర్రావునీ దూడనీ నడిపించుకుని, ఘాటీ దిగి, సాలూరు బజారు మధ్యలోంచి తోలుకొచ్చి ఆవిడ గుమ్మంలో కట్టారు. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. కూతుర్ని ఆవుకి అమ్ముకున్నట్టుందని ఎవరో నవ్వారు కూడా. రాజులమ్మకి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఆ వారం సంతలోనే దూడతో సహా వదిలించేసింది, బేరం కూడా ఆడకుండా.

"ఎప్పుడో అమ్మీసేను" అంది రాజులమ్మ. నాలుగు మాటల్లో తన చులకనంతా పెట్టి, "నా గుమ్మంలో కొండోల్ల ఆవేటి? నాకేటి కరువా?" అంది.

సోములమ్మకి కోపం రావాలి. రాలేదు. ముక్కెరలు కదిలేలా నవ్వింది.

"అమ్మీసినావని మాకెరికే. సంతలో మావోల్లే సూసేరు. మరి అమ్మీసిన ఆవుకి పిల్లెలాగొస్తాదే, పిచ్చిదానా?"

తరవాత మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. తమ ఊళ్ళో పిల్ల కాపురం నచ్చక పుట్టింటికి పోతే, తండ్రి ఓలి ఆవుని వెనక్కి తోలుకొచ్చి మొగుడి గుమ్మంలో కట్టేస్తాడు. పిల్లని తీసుకుపోతాడు. ఎవరూ మాట అనరు. అందుకని ఓలి ఆవుని ఎవరూ తొందరపడి అమ్మరు. పిల్లకి ఇద్దరు ముగ్గురు బిడ్డలు పుట్టేదాకా కొట్టంలో మేపుకుంటారు. మనసులో అనుమానం ఉన్నన్నాళ్ళూ ఆవు ఉంటుంది.

"నువ్వు వారం తిరక్కుండా అమ్మీసినావు" అంది సోములమ్మ. "మామీద అంత నమ్మకం మావోల్లే ఎవులూ పెట్టలేదు. ఆ కబురొచ్చిన నాడు మేక కోసి ఊరందరికీ పెట్టేం, నీ పేరు సెప్పి. రాజులమ్మ మనసు పెద్దదని ఇప్పటికీ సెప్పుకుంతారు."

ఎదురుగా ఆ ఊరి ఆడవాళ్ళు కొందరు చేరారు, రాజులమ్మ వాళ్ళ మొహాల్లో వెటకారం కోసం వెతికింది. దొరకలేదు. పెద్దమనసు గల మనిషిని చూసినట్టే చూస్తున్నారు. నాలుగేళ్ళుగా తను వచ్చిన ప్రతిసారీ వాళ్ళు పలకరించడం, పీట వెయ్యడం, గింజలు మూటగట్టడం, అంతా తను ఈసడించుకుని ఆవుని వదిలించుకున్నందుకు జరిగిన మర్యాద. అంతకంటే అవమానం ఆ వీధిలో ఎవరూ ఆవిడకి ఎప్పుడూ చెయ్యలేదు. వెనక్కి తీసుకోవడానికి అవకాశం లేని అవమానం. గట్టిగా అరిచి, నమ్మకం కాదే, అసహ్యంతో అమ్మాను అని చెప్పాలనుకుంది. చెప్పినా వాళ్ళు నవ్వుతారు తప్ప నమ్మరు.

గాయత్రి తల్లి చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ చాపల మీద కాఫీ పళ్ళు ఎండుతున్నాయి. ఒక చాప అంచున కూర్చోబెట్టి తనూ కూర్చుంది. కాసేపు ఊరికే పళ్ళు కలియబెట్టింది.

"అమ్మా, నీకు కోపంగా ఉంది. ఉండనీ. ఒక మాట చెప్తాను, అదీ నీకే. ఇంకెవరికీ చెప్పలేదు. మొన్న పండక్కి ఆయన పక్కూరెళ్ళి తాగి పడిపోయేడు. రెండ్రోజులు రాలేదు. ఇక్కడ గుంటకి జొరం, ఒళ్ళు కాలిపోతంది. నాకు చిర్రెత్తుకొచ్చి ఎల్లిపోదామనుకున్నాను."

రాజులమ్మ తలెత్తింది. "మరి నాకు ఫోన్ సెయ్యలేదేటి?"

"చేద్దామనే చేతిలో పట్టుకున్నాను. ముందు ఏం చేసేనో తెలుసా? మంచం తుడిచేను. వ్యానులో గీతలు పడకుండా దుప్పట్లు తెచ్చి కోళ్ళకి చుట్టేను. నెమళ్ళకి చుట్టేను. గుంట జొరంతోటి చాప మీద వణుకుతంది. దానికి కప్పాల్సిన దుప్పట్లు తీసి మంచానికి చుడుతున్నాను. కొంతసేపటికి నా చేతులు నేనే చూసుకున్నాను. భయమేసింది."

గాయత్రి గొంతు మామూలుగానే ఉంది. తల్లికి అదే భరించరానిదిగా ఉంది.

"ఆయన వచ్చేక తిట్టేను, కొట్టేను కూడా. కాళ్ళట్టుకున్నాడు. అదంతా మా ఇద్దరి గొడవ. కానీ ఆ మంచం అక్కడ అలా ఉన్నంతకాలం, ఏ చిన్న తగువొచ్చినా నాకు ముందు దాని మీదకే చూపు పోతాది. పొయ్యి రాజుకోకపోయినా దానికేసే చూసీదాన్ని. నాలుగేళ్ళూ నేను ఈ ఇంట్లో ఉన్నట్టు లేదమ్మా. వ్యాను కోసం ఎదురు చూసినట్టుంది. అందుకే రంపం తెచ్చేను."

రాజులమ్మకి ఆ మాటల్లో ఒక్కటే వినబడింది. ఆ రోజు గనక ఈ పిల్ల ఫోన్ నొక్కి ఉంటే. తను కొన్న మంచం సరిగ్గా తను అనుకున్న పనే చేసింది. కూతురి మనసు విరిచింది, గుమ్మం దాకా తెచ్చింది. ఆవిడ గెలుపు అంత దగ్గరికి వచ్చి, జ్వరపడిన మనవరాలి మీద కప్పాల్సిన దుప్పట్లో ఇరుక్కుని ఆగిపోయింది. గెలిచుంటే ఎలా ఉండేదో ఆవిడ కళ్ళకి కట్టింది. వసారాలో మంచం దిగడం, వీధంతా రావడం, ఆ సందట్లో జొరంతో ఉన్న గుంటని ఎవరు ఎత్తుకునేవారో మాత్రం తట్టలేదు. తను ఎత్తుకునేది కాదు. తను మంచానికి గీతలు పడ్డాయేమో చూసుకుంటూ ఉండేది. అది ఆవిడకి తెలుసు.

"ఆ దుప్పట్లయినా ఉన్నాయా?" అని అడిగింది.

"గుంటకి కప్పుతున్నానమ్మా" అంది గాయత్రి.

ఇద్దరూ లేచి ముందుకి వచ్చారు. భోజనం చేసి వెళ్ళమంటే రాజులమ్మ ఆకలి లేదంది. లక్ష్మీప్రసాద్‌కి ఉంది, ఆవిడ చూపు చూసి మానుకున్నాడు. మంగ్లు వచ్చి, అత్తా, నెమలి ముక్కు విరిగిపోయింది, నీకు తెలిసిన వడ్రంగి ఉంటే చెప్పు అన్నాడు. అంత అమాయకంగా అడిగే మనిషిని ఎలా తిట్టాలో రాజులమ్మకి తెలియలేదు. తిట్టడం రాని పరిస్థితి ఆవిడకి కొత్త. వెళ్ళేటప్పుడు బిందుని ఎత్తుకోబోయింది. పిల్ల రైలు దిగనంది. సోములమ్మ ఎప్పటిలాగే మూట తెచ్చి ఒళ్ళో పెట్టింది.

వ్యాను ఖాళీగా మెరక దిగింది. ఖాళీ వ్యాను గతుకుల్లో డబడబా చప్పుడు చేస్తోంది. అరకు దాటారు. లక్ష్మీప్రసాద్‌కి లోపల ఇల్లు కాలిపోతున్నట్టుంది. సాయంత్రానికి వీధి మొదట్లో అందరూ కాచుకుని ఉంటారు. వసారాలో సామాను దించడానికి మనుషుల్ని కూడా మాట్లాడి ఉంచింది అక్క.

"ఈదిలో ఏటని సెప్పమంతావప్పా?" అన్నాడు చివరికి.

రాజులమ్మ ఆలోచించింది. సెద పట్టేసిందని చెప్పమంది.

"టేకుకి సెదేటప్పా. నమ్మరు."

నిజమే, నమ్మరు. తానే టేకు టేకు అని ఊరంతా చాటింపు వేసుకుంది. అయితే మంగ్లుగాడు అమ్ముకు తాగేశాడని చెప్పమందామనుకుంది. ఆ మాట అందరూ హాయిగా నమ్ముతారు. లోకువ కట్టడానికి సిద్ధంగా ఉన్న మనిషి మీద ఏం చెప్పినా వీధి నమ్ముతుంది, తన వీధి సంగతి తనకి తెలియదా? అలా అంటే తన పరువు నిలబడుతుంది. తన కూతురు మళ్ళీ అయ్యో పాపం అవుతుంది. రేపో మాపో ఎవరో ఒకరు వ్యాను కట్టించుకుని వెళ్ళి పిల్లని తెచ్చుకోమని సలహా ఇస్తారు. ఆవిడ నోటి దాకా వచ్చింది ఆ మాట.

ఘాటీలో మలుపులు మొదలయ్యాయి. తమ్ముడు కిటికీలోంచి తల బయట పెట్టాడు. ఒళ్ళో మూట జారిపోకుండా రాజులమ్మ రెండు చేతులతో పట్టుకుంది. తమ్ముడు తల లోపలికి పెట్టుకుని, తువ్వాలుతో మూతి తుడుచుకుని, మళ్ళీ ఆవిడ కేసి చూశాడు.

"పిల్ల రాదని సెప్పు" అంది రాజులమ్మ, ఎవరినో తిట్టినట్టు. "సామాను నేదు, పిల్ల రాదు. అడిగినోల్లందరికీ అదే సెప్పు."

లక్ష్మీప్రసాద్ ఎందుకని అడగబోయాడు.

"ఆవునమ్మీసేనని సెప్పు" అని మొహం కిటికీ వైపు తిప్పుకుంది.